మొక్కని మొక్కు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. ఆ రోజు పొద్దున్నే తిరుపతిలో పెరుందేవి అనుకున్నది ఒక్కటే: భర్తను చిత్తూరు రైలుబండి ఎక్కించాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పే దేవనాథన్ శివరాత్రి నుంచి మంచం దిగలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఎందుకు లేవాలో తెలియడం లేదన్నాడు, తర్వాత అదీ అనడం మానేశాడు. "ఉద్యోగమున్న మగాడికి దిగులేంది?" అని బంధువులు తేల్చేసి, కాఫీ తాగి వెళ్ళారు. చిత్తూరులో ప్రేమానందం అనే డాక్టరు మనసు బాగాలేనివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తాడని ఆమె విన్నది. కానీ ఈ మాట బయటికి పొక్కితే పంతులుకు పిచ్చంటారు. పిచ్చివాడికి బడిలో చోటెక్కడిది?

వీధిలో అడుగు పెట్టగానే ఎదురింటి సుబ్బులమ్మ పట్టుకుంది.

"యాడికి పెరుందేవమ్మా, పొద్దన్నే?"

జాతర వారం కదా, నోటికి అదే వచ్చింది. "గంగమ్మ గుడికి. ఈయనకు మొక్కుండాది."

"మొక్కుకు ఇట్లనే పోతారా, వేషం లేకుండా? ఒరే మునిరత్నం, సుద్ద తేరా!" అని కొడుకును కేకేసింది.

గంగమ్మ జాతరలో మొక్కున్న మగవాడు ఒళ్ళంతా సుద్ద పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎదురైనవాళ్ళనల్లా బూతులు తిట్టాలి. ఆ తిట్లే దీవెనలు. సుబ్బులమ్మకు ఊరి ఆచారాలన్నీ తెలుసు, ఎదుటి మనిషి ముఖం చూడడం ఒక్కటే తెలియదు. దేవనాథన్ వద్దనలేదు. వద్దనే ఓపికే ఉంటే చిత్తూరు దాకా పోవడమెందుకు? చూస్తుండగానే అతణ్ణి నడినెత్తి నుంచి అరికాలి దాకా తెల్లగా పూసేశారు. పలకలు వాయించేవాళ్ళొచ్చారు. ఊరేగింపు స్టేషనుకు సరిగ్గా ఎదురు దిక్కున కదిలింది.

"తిట్టు సామీ! మాయమ్మకు మోకాళ్ళ నొప్పి, గెట్టిగా తిట్టు!" అంటూ జనం కమ్ముకున్నారు. దేవనాథన్ నేల చూస్తూ నిలబడ్డాడు. కళ్ళ కింద సుద్ద తడిసి చారలు కట్టింది.

"ఏందబ్బా, ఈయప్ప ఏడస్తా ఉండాడు? మొక్కు చెడిపోతాది!" అన్నాడు మునిరత్నం, తన సొమ్మేదో పోయినట్టు.

అంతే. ఏనాడూ గట్టిగా తుమ్మి కూడా ఎరగని పెరుందేవి వేపమండ లాక్కుంది.

"సిగ్గులేని ముండాకొడుకుల్లారా! మొక్కూ లేదు, మన్నూ లేదు! ఆయన మనసుకు జబ్బు చేసినాది! మూన్నెల్లుగా ఒక్కరన్నా 'ఏమప్పా, ఎట్లుండావు' అని అడిగినారా? సుద్ద పూసేదానికి మాత్రం పరిగెత్తుకోని వస్తిరి! చిత్తూరులో డాక్టరుండాడు, బండికి పోవాల, తొలగండి!"

దాచిందంతా నడివీధిలో పెట్టేసింది. ఇంక ఉద్యోగం పోయినట్టే అనుకుంది. జనం ఒక్క క్షణం నోరు తెరిచి, మరుక్షణం సాష్టాంగపడ్డారు.

"అమ్మ పూనింది! చిత్తూరు బండి కావాలంటా ఉండాది!"

గంగమ్మ ఆజ్ఞకు అడ్డమేముంది? పలకలు వాయిస్తూ ఇద్దరినీ స్టేషనుకు తీసుకుపోయి, హారతిచ్చి బండెక్కించారు. ఆమె చెప్పిన నిజం మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

చిత్తూరులో ప్రేమానందం గదిలోకి తెల్లగా పూసిన మగమనిషి ఒకడు మౌనంగా వచ్చి కూర్చున్నాడు. వెనకే వేపమండ వదలకుండా, తిరుపతి మొత్తాన్నీ ఇంకా తిడుతూ ఒక ఆడమనిషి. డాక్టరు లేచి వచ్చి ఆమె నాడి పట్టుకున్నాడు.

"నాకు కాదు సార్, ఆయనకు!"

"తెలుస్తానే ఉండాదమ్మా. నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

ఆ సంగతి పెరుందేవిని ఊరూ అడగలేదు, తనను తాను ఆమే ఎప్పుడూ అడగలేదు.

"నేను మంచం పట్టినప్పటి నుంచి, సార్," అన్నాడు దేవనాథన్. "వంటింట్లోకి పోయి ఏడస్తా ఉంటాది. నాకు ఇనబడ్డంలేదనుకుంటాది."

పెరుందేవి వేపమండ గుండెకు అదుముకుని, ఈసారి దాచుకోకుండా ఏడ్చింది.

డాక్టరు ఆమెకూ ఇంకో కుర్చీ వేయించాడు.