మెజారిటీ ఎత్తుకుపోయిన మోటారు సైకిలు

నా మోటారు సైకిలును నా నుంచి లాక్కున్నవాళ్ల పేర్లు చెబుతాను, రాసుకోండి. ఒకడు మొగిలి. ఇంకొకడు పోచయ్య. మూడో ముద్దాయి ప్రమీల, నా భార్య. పట్టపగలు, రోడ్డు పక్కన, నా కళ్ల ముందే ముగ్గురూ కలిసి ఈ పని చేశారు. కేసు పెడదామంటే చట్టం వాళ్ల వైపే ఉంది. ఆ చట్టం వాళ్లకు నేర్పింది నేనే.

నా పేరు రాజలింగు. యూనివర్సిటీలో నీళ్ల పంపు నడుపుతాను, హాస్టలు కార్మికుల యూనియన్ నడుపుతాను. పంపు అప్పుడప్పుడు ఆగుతుంది, నేను ఆగను. బడికి పోలేదు. గోడల మీది పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా మాటలన్నీ అంతంత పెద్ద అక్షరాల్లో ఉంటాయని ప్రమీల అంటుంది.

మా యూనియన్‌కు ఒకటే కట్టుబాటు. మీటింగు పెట్టాలి, తీర్మానం పైకి చదవాలి, చేతులెత్తాలి. మెజారిటీ ఏమంటే అదే. మెస్సులో పప్పు చిక్కగా ఉండాలా పలుచగా ఉండాలా అన్నదానికి కూడా చేతులెత్తించాను. పలుచనే గెలిచింది. ఓటర్లందరూ వంటవాళ్లే మరి.

ఈ ఏడు, పందొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో, గేటు మీటింగుకు ఆలస్యమవుతోందని ఆర్ట్స్ కాలేజీ మలుపు దగ్గర వేగంగా పోయాను. మలుపు తిరిగింది గానీ బండి తిరగలేదు. కాలు విరిగింది. కట్టు విప్పిననాడు డాక్టరు, ఇదే ఎముక మళ్లీ విరిగితే జన్మంతా కర్ర పట్టుకోవాల్సిందేనన్నాడు. ఆ మాట నాకంటే ప్రమీలకు బాగా వినపడింది. ఇంటికి రాగానే, బండిని నిర్మల్‌లో ఉన్న తన తమ్ముడు భీమయ్యకు ఇచ్చేద్దామంది. భీమయ్య పశువుల కాంపౌండరు. ఏ ఊళ్లో ఏ బర్రెకు బాగాలేకపోయినా సైకిలు తొక్కుకుంటూ పోతాడు.

"బండి లేకుంటే ఉద్యమం ఎట్ల నడుస్తదే?" అన్నాను.

"కాలు లేకుంటే ఎట్ల నడుస్తదో గది చెప్పు," అంది.

కరపత్రాలు పక్కన పెట్టాను. సరేనన్నాను. నేను ఏ యజమానితోనైనా సరేనన్నానంటే, లోపల ఇంకేదో ఉందని అర్థం.

సీతాఫల్‌మండి స్టేషను వెనక ఒక మెకానిక్కు దొడ్లో అదే కంపెనీ బండి, అదే నల్లరంగు, ఏళ్లుగా పడి ఉంది. చూపులకు నా బండికి కవల. నడకకు బండరాయి. దాని ఇంజన్లో ఒక తొండ పిల్లాపాపలతో కాపురముంటోంది. నా పథకం ఏమిటంటే, ఆ తుక్కుబండిని భీమయ్యకు అప్పగించి దారిలో ఖరాబయిందని చెప్పాలి. నా బండిని వెనక్కి తెచ్చి పంపు గదిలో దాచుకోవాలి.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ముషీరాబాద్‌లో షామియానాలు కిరాయికిచ్చే దుకాణంలో మొగిలి పికప్ నడుపుతాడు. బ్రేకు తొక్కడం అవమానమనుకుంటాడు కాబట్టి లోకం అతన్ని బ్రేకుల మొగిలి అంటుంది. షామియానా గుంజలు మోసే చిన్న ట్రైలరు కూడా అతని దగ్గరుంది. రెండోవాడు మెస్సులో వంట చేసే పోచయ్య. ఏ తీర్మానానికైనా ఒక సవరణ తగిలించనిదే చేయెత్తడు. సవరణల పోచయ్య.

తార్నాకలో మా ఇంటి వెనక అరుగు మీద రహస్య సమావేశం జరిగింది. రహస్యమైనా సరే, చదవని తీర్మానం చెల్లదు. లేచి నిలబడి చదివాను. నాకు వచ్చింది ఒకటే గొంతు, అది గేటు మీటింగు గొంతు. తుక్కుబండి పికప్‌లో, అసలు బండి ట్రైలరులో పోవాలి. నిర్మల్ పొలిమేరలో ట్రైలరును విప్పి అక్కడే వదలాలి. తుక్కుబండితో పికప్ ఒక్కటే ఊళ్లోకి పోవాలి. పోచయ్య సవరణ పెట్టాడు. ఎట్లాగూ విప్పేదే కాబట్టి ట్రైలరుకు గొలుసు దండగ, ఒట్టి సీల చాలునన్నాడు. ఏకగ్రీవంగా ఆమోదించాం. ప్రమీల చాయ్ తెచ్చి ఇచ్చింది. తమ్ముణ్ని చూసి చాలా దినాలైంది, నేనూ వస్తానంది, అంతే.

బయలుదేరేనాడు పొద్దున్నే బల్లచెక్క వాల్చి రెండు బండ్లూ ఎక్కించాం. ముందు చక్రం ఎదుటి పలకకు ఆనించి, రెండు వైపులా మోకులు లాగి కట్టాం. తుక్కుబండి మీద గోనెసంచి కప్పాం. నా బండికి బొంత కప్పాను.

"గది నా బొంత," అంది ప్రమీల.

"దుమ్ము పడ్తదని."

"నాకు జరమొచ్చినప్పుడు గింత మంచిగ కప్పినవా ఏనాడన్న?"

ఆ సంగతి దాటేయడానికి, రెండో బండి ఎందుకో చెప్పాను. విడి సామాన్లకు పనికొస్తుందని, అంతా తమ్ముడి మేలుకేనని చెప్పాను. ఎంత దూరం ఆలోచించావంది. మెచ్చుకుందనుకుని సంతోషపడ్డాను.

ముందు వాళ్లు ముగ్గురూ కూర్చున్నారు. నేను వెనక తుక్కుబండి పక్కన, ట్రైలరులో బొంత కప్పుకుని వస్తున్న నా బండిని చూసుకుంటూ కూర్చున్నాను. మేడ్చల్ దాటాం, తూప్రాన్ దాటాం. రామాయంపేట దాటాక ఒక కల్వర్టు వచ్చింది. మొగిలి దాన్ని కల్వర్టుగా గుర్తించలేదు. పికప్ ఎగిరింది, ట్రైలరు ఎగిరింది, అన్నిటికంటే పైకి సీల ఎగిరింది. ట్రైలరు ముక్కు రోడ్డుకు ఆనించి, గీసుకుంటూ పక్కకు తిరిగి, జొన్నచేనులోకి దిగిపోయింది.

పికప్ ఇంకా పోతూనే ఉంది. నేను దూకాను.

ఆ కాలి మీదే పడ్డాను. బోర్లాపడి, లేచి, కుంటుకుంటూ జొన్నల్లోకి పరుగెత్తాను. మోకులు గట్టివి. నా బండి బొంత కూడా జారకుండా నిలబడి ఉంది. దాన్ని కౌగిలించుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పికప్ ఆపించి ప్రమీల పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు రోడ్డు మీదే ఉండిపోయాయి. బండి వైపు చూడనైనా లేదు. కింద కూర్చుని, నా కాలు ఒళ్లో పెట్టుకుని, మోకాలి నుంచి చీలమండ దాకా వేళ్లతో నొక్కి చూసింది. విరగలేదని తెలిశాక లేచి పోయి గట్టు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే గెలిచేవాణ్ని.

"మీటింగు పెడుతున్న," అంది.

నువ్వు సభ్యురాలివి కావు, చెల్లదన్నాను.

"గన్ని దినాలు నీ కాలు మోసిన. ఇంకేం సభ్యత్వం కావాలె నీకు?"

పోచయ్య గొంతు సవరించుకున్నాడు. వదినెను సభ్యురాలిగా తీసుకోవాలని సవరణ పెట్టాడు. మొగిలి చేయెత్తాడు. నేను తేరుకునేలోగా అది నెగ్గింది.

నా తీర్మానాలు పేజీ దాటుతాయి. ఆమెది ఇంతే:

"బండి తమ్మునికి పోవాలె. మనిషి నాకుండాలె."

మొగిలి నా మొహం చూడకుండా చేయెత్తాడు. కాలు విరిగిననాడు ఆ కాలేజీ మలుపు నుంచి నన్ను ఆసుపత్రికి చేర్చింది అతనే, ఈ పికప్‌లోనే. ఆ ఒక్కనాడు బ్రేకులు తొక్కుతూ మెల్లగా నడిపాడట, నాకు నొప్పి పుట్టొద్దని. పోచయ్య చేయి సగం ఎత్తి ఆగాడు.

"చిన్న సవరణ, వదినె. తుక్కుబండి అన్నకే ఉండాలె. ఉత్త చేతులతోని ఇంటికి పోతే అన్న పానం ఊకోదు."

ప్రమీల నన్ను చూసింది, ఒప్పుకుంది. మూడు చేతులు లేచాయి. వ్యతిరేకంగా ఒకటి, అదీ భుజం దాటలేదు.

తర్వాత రొట్టెల మూట విప్పుతూ, అరుగు మీద నేను చదువుతుంటే కిటికీ పక్కనే బియ్యం ఏరుతున్నానని చెప్పింది. "మంచిగ చదివినవ్. ఒక్క అక్షరం తప్పు పోలే," అంది. మరి ఆనాడే ఎందుకు ఆపలేదని అడిగాను. దారిలోనన్నా నువ్వే చెప్తావేమోనని చూశానంది. ట్రైలరును జొన్నల్లోంచి లాగి, మళ్లీ తగిలించుకుని బయలుదేరాం.

నిర్మల్‌లో ఒక్క తన్నుకే బండి లేచింది. భీమయ్య మొహం చూస్తే నాకే ముచ్చటేసింది. క్లచ్చు చూపించాను. బర్రె ఈనలేకపోతోందని పక్క ఊరి నుంచి అప్పటికే పిలుపొచ్చింది. పోతున్నవాణ్ని ఆపి, "మలుపుల కాడ జెర మెల్లగ, బామ్మర్దీ," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తుక్కుబండి తార్నాక వచ్చింది. వాకిట్లో స్టాండు వేసి నిలబెట్టాను. మర్నాడు సాయంత్రం దాని మీద కూర్చుని హ్యాండిలు తుడుస్తున్నాను. ప్రమీల కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, అటూ ఇటూ చూసి, నా వెనక ఎక్కి కూర్చుంది. నా పాత బండి మీద ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. భయం. ఇప్పుడు నా భుజం మీద చేయి వేసింది.

"యాడికి తీస్కపోతవ్?"

"నువ్వెటంటే అటు."

"మెల్లగ పోనియ్యి మరి," అంది.

అప్పటి నుంచి రోజూ పోతున్నాం, స్టాండు దించకుండానే. బౌద్ధనగర్ పోయాం, నిర్మల్ పోయాం, ఆమె పుట్టిన ఊరు కూడా పోయొచ్చాం. ఇంట్లో చెప్పని మాటలు ఆ బండి మీద చెబుతుంది. గొంతు తగ్గించి మాట్లాడడం నాకూ కొంచెం వస్తోంది.

ఇప్పుడు కొత్త కుట్ర మొదలైంది. అన్న దిగులుగా ఉన్నాడని మొగిలి కార్బురేటర్ వెతుకుతున్నాడట. సీతాఫల్‌మండి మెకానిక్కు పానాల సంచితో మా గల్లీలో తిరుగుతున్నాడు. పోచయ్య సవరణ తయారు చేసుకుంటున్నాడు. అందరికీ ఇదే నా డిమాండు. పానాలూ స్క్రూడ్రైవర్లూ మూటగట్టుకుని ఈ రోజే గల్లీ ఖాళీ చేయండి. ఆ ఇంజన్ను ఎవరూ ముట్టకూడదు. తొండను లేపకూడదు. పొద్దు గూకే వేళ మా వాకిట్లోకి ఎవరూ రాకూడదు. దీని మీద ఓటింగు లేదు.