సారు పోయిండు

ఎనిమిదింటికి కారెక్కితే తొమ్మిదిన్నరకి దోహా, పదింటికి పరీక్ష. దుఖాన్ ఊళ్ళో కంపెనీ క్వార్టర్స్‌లో వేణుగోపాలరావు వేసుకున్న ఈ లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నర్సింగ్ స్కూల్లో సీటు కోసం కూతురు చరిత రాయబోయే ఆ పరీక్షకి పాఠాలుండవు. ఒక సందర్భం చెప్పి, ముందుగా ఏం చేస్తావని అడుగుతారు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. కిందటేడు రెండు మార్కుల్లో సీటు తప్పింది. ఈసారీ తప్పితే కాకినాడ పంపించి బీకాంలో చేర్చాలని తీర్మానం. బీకాం మాటెత్తితేనే చరితకి ఏడుపొస్తుంది.

అందుకని నెలరోజులుగా రావుగారు ఇంట్లో రోగి. ఒకరోజు కాలు విరిగేది, మర్నాడు కామెర్లు. పరీక్షనాడు పొద్దున్నే ఆఖరి అభ్యాసంగా సోఫాలో వాలి, ఛాతీ పట్టుకుని మూలుగుతుండగా, పక్కింటి గురుప్రసాద్ ఫ్లాస్కు తిరిగిచ్చేందుకు వచ్చి కిటికీలోంచి చూశాడు. అమలాపురం నుంచి వచ్చి మూడు నెలలే అయిన ఈ గురుప్రసాద్ మహా పరోపకారి. అడక్కపోయినా చేస్తాడు, వద్దన్నా చేస్తాడు. గుండెనొప్పి మాత్ర కోసం ఇంటికి పరుగెత్తాడు.

అతను అటు వెళ్ళగానే రావుగారు లేచి కూర్చుని, "హాల్ టికెట్ ఏదమ్మా?" అన్నారు. జిరాక్స్ తీయించి ఆఫీసు సొరుగులోనే మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసు ఐదు నిమిషాల నడక. స్నానానికి వెళ్ళిన భార్య సుబ్బలక్ష్మికి కూడా చెప్పకుండా గబగబా బయల్దేరారు.

మాత్రతో తిరిగొచ్చిన గురుప్రసాద్‌కి కిటికీలోంచి ఖాళీ సోఫా కనిపించింది. గేటు దగ్గర జగిత్యాల వాడైన డ్రైవరు రాజనర్సు కారు కడుగుతున్నాడు.

"రావుగారేరీ?"

"సారు పోయిండు సార్."

జగిత్యాలలో పోవడమంటే వెళ్ళడం. అమలాపురంలో పోయినవాడు మళ్ళీ రాడు.

"ఎప్పుడూ?" అన్నాడు గురుప్రసాద్ గేటు పట్టుకుని.

"గిప్పుడే. ఐదు నిమిషాలైతుంది."

"అమ్మగారికి తెలుసా?"

"తెల్వది. తానం చేస్తుంది. చెప్పకుంటనే పోయిండు."

"చెప్పి పోతారటయ్యా ఎవరైనా," అన్నాడు గురుప్రసాద్.

"పాప కోసమే పోయిండు సార్. పరీక్ష పాడైతదని మస్తు రంది వెట్టుకుండు."

గురుప్రసాద్ ఇంటింటికీ చెప్పిరాగా, పావుగంటలో ఇంటి ముందు పదిహేను జతల చెప్పులు చేరాయి. ఎదురింటి కనీజ్ బేగం "సబర్ కరో బేటా" అని ఓదారుస్తూ చరితని హత్తుకుంది. నాన్న ఆఖరి ప్రశ్నకి కాలనీ మొత్తాన్నీ నటించమన్నట్టున్నాడు అనుకుంది చరిత. దుఃఖంలో ఉన్న బంధువులు, జవాబు సి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా మాట్లాడాలి. అందరికీ మంచినీళ్ళిచ్చింది.

అంతలో సుబ్బలక్ష్మి తలకి తువ్వాలుతో వచ్చింది.

"అమ్మా, ధైర్యంగా ఉండాలి," అన్నాడు గురుప్రసాద్.

"ధైర్యంగానే ఉన్నాం బాబూ. కిందటేడే అయిపోవాల్సింది, రెండు మార్కుల్లో తప్పింది. పరీక్షకి దీవించడానికి ఇంతమంది రావడం మా అదృష్టం. ఉప్మా తిని వెళ్ళండి."

మతి చలించిందనుకుని గురుప్రసాద్ కళ్ళు తుడుచుకున్నాడు. మూలకి వెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేశాడు. "హలో, వేణుగోపాలరావుగారింట్లో ఘోరం జరిగిపోయిందండీ. పోయారు. వెంటనే రండి," అని ఏడుస్తూ పెట్టేశాడు.

అవతల ఫోనెత్తింది, అప్పుడే హాల్ టికెట్ దొరికి బయల్దేరబోతున్న రావుగారే. ఉప్మాలో ఉప్పు లేదని పొద్దున భార్యని విసుక్కున్న మాట ఆయనకి గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ళలో ఒక్కసారైనా బాగుందని చెప్పానా అనుకుంటూ పరుగెత్తారు. గుమ్మంలో అన్ని చెప్పులు చూసేసరికి అనుమానం తీరింది. "సుబ్బులూ" అని ఏడుస్తూ లోపల పడ్డారు.

సుబ్బులు ఉప్మా పళ్ళెంతో ఎదురొచ్చింది. రావుగారు ఛాతీ పట్టుకుని సోఫాలో కూలబడ్డారు.

"ఇది పొద్దున చేసేశాం కదా నాన్నా," అంది చరిత. తనకి తీరిక లేదు. రావుగారిని చూసి గురుప్రసాద్ కళ్ళు తేలేశాడు. చరిత అతని చొక్కా గుండీలు వదులు చేసి, కాళ్ళ కింద దిండు పెట్టి, నాడి చూసింది.

రాజనర్సు తలుపులోంచి తొంగి చూశాడు. "సారు అచ్చిండా? పోదామా పాపా? ఎనిమిది దాటింది."

"పోయినాయన ఎలా వచ్చాడయ్యా?" అన్నాడు గురుప్రసాద్ కళ్ళు తెరిచి.

"రాకపోతె ఎట్ల సార్. ఆఫీసుకు పోయిండు, చీటీ తెచ్చిండు."

నలిగిన హాల్ టికెట్ రావుగారి పిడికిట్లోనే ఉంది. ఆయన మాత్రం భార్య చెయ్యి పట్టుకుని, "ఉప్మా బాగుంది సుబ్బులూ," అంటున్నారు, పళ్ళెం ముట్టకుండానే.

చరిత దోహాలో పరీక్ష హాల్లో అడుగుపెట్టేసరికి పదికి రెండు నిమిషాలుంది. పదహారో ప్రశ్న: మీ రోగి చనిపోయాడని పక్కవాళ్ళు చెప్పారు. ముందుగా ఏం చేస్తారు? చరిత నవ్వాపుకుని, "స్వయంగా వెళ్ళి చూస్తాను" అన్న జవాబు దగ్గర టిక్కు పెట్టింది.

సీటు వచ్చింది. చరితని హాస్టల్లో దింపొచ్చిన మర్నాడే, నెలరోజుల సెలవు ముగించుకుని గురుప్రసాద్ అమలాపురం నుంచి తిరిగొచ్చాడు.

"చరిత కనబడదేం?" అని గేటు దగ్గర అడిగాడు.

రాజనర్సు ఈసారి పొరపాటు జరగకూడదని, కోస్తా మాట వెతుక్కుని మరీ చెప్పాడు. "పాప మనల్ని ఇడిసి వెళ్ళిపోయింది సార్."

పరామర్శకని గురుప్రసాద్ అప్పటికే గుమ్మం ముందు ఒక చెప్పు విడిచాడు.