దప్పళంలో కూలిన సింహాసనం

ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్స్‌లోని తెలుగువారి నిరంకుశ రాచరికం ఆదివారం మధ్యాహ్నం, మొదటి బంతి లేవకముందే, అంతరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రాజ్యాలు పన్నుల వల్ల, యుద్ధాల వల్ల కూలుతాయని చరిత్రకారులు రాస్తుంటారు. వాళ్లెవరూ ఈ క్వార్టర్స్‌లో భోజనానికి కూర్చున్నట్టు లేదు.

రాజుగారి పేరు గవరయ్య. రేవులో కూలీల సర్దారుగా రిటైరైనా, క్వార్టర్స్ తెలుగు సంఘం అధ్యక్ష పదవికి రిటైర్మెంటు ఉండదని తనే ప్రతిపాదించి, తనే బలపరిచి, చప్పట్లు కొట్టించుకున్న మహనీయుడు. శ్రీకాకుళం నుంచి రేవు పనికి ఈ పరాయి రాష్ట్రం వలస వచ్చిన ఈ కుటుంబాల్లో ఏ శుభకార్యమైనా గుండిగలో ఉప్పు పెద్ద చేత్తోనే పడాలన్నది ఆచారం. పెద్ద అంటే గవరయ్య. ఆమధ్య డాక్టరు ఆయనకి బీపీ ఉందని, ఉప్పు మానేయమని చెప్పాడు. రాజు వేరు, ప్రజలు వేరు కాదు కదా! ఆనాటి నుంచి క్వార్టర్స్ మొత్తానికి బీపీ వచ్చింది. గవరయ్య గుండిగ మీద ఉత్త పిడికిలి విదిలించేవాడు. జనం ఆ చప్పిడి కూరలు తిని, "నీ సెయ్యే సెయ్యి మావా!" అని లొట్టలేసేవారు.

కామాక్షమ్మకి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, కూతురు పూజితకి సంబంధం కుదిరేదాకా. పెళ్లికొడుకు ఉమామహేశ్ అదే ఊళ్లో న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని తల్లి లలితకుమారి తెలంగాణ మనిషి, ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది. నిశ్చితార్థం భోజనంలో మొదటి ముద్దకే ఆవిడ మొహం మాడితే పిల్ల గతేమిటి? ఆ దిగులు కామాక్షమ్మని తినేసింది. పోనీ గవరయ్యనే అడుగుదామంటే, అడిగినవాళ్ల గడప ఆ పైన ఎవరూ తొక్కరు.

అందుకని నిశ్చితార్థం నాడు రాజుగారు పిడికిలి విదిలించి అటు తిరగగానే, దప్పళం కలిపే నెపంతో గుండిగలో గుప్పెడు ఉప్పు వేసేసింది. ఆమె అటు వెళ్లగానే వంటాయన వేశాడు, పాపం ఆడపిల్ల శుభకార్యం కదా అని. పక్కింటి నారాయణమ్మ వేసింది. సంఘం కార్యదర్శి వేశాడు. కోశాధికారి కాస్త పెద్దమనసుతో వేశాడు. ఎవరి తిరుగుబాటు వారిదే. తాను తప్ప మిగతావాళ్లంతా పిరికిపందలని ప్రతి ఒక్కరికీ గట్టి నమ్మకం.

లలితకుమారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, విస్తరి పక్కనే ఉమ్మేసింది.

"ఏందిది? సముద్రం కలిపిండ్రా? ఉప్పెవలేసిండ్రు?"

బంతి యావత్తూ ఒక్కసారిగా గవరయ్య వైపు వేలు చూపించింది.

"మాదేటీ నేదొదినా! ఉప్పంతా ఆ మావ సెయ్యే," అంది కామాక్షమ్మ.

గవరయ్య లేచి నిలబడ్డాడు. "నానా? నానొక్క రవ్వ ఏస్తే ఒట్టర్రా! అసలు నానెప్పుడో ఎయ్యడం మానేసినాను!"

పదవిలోకి వచ్చాక ఆయన పలికిన మొదటి సత్యం అది. సత్యమని తెలిసినవాళ్లే అందరికంటే గట్టిగా "దిగిపో" అని అరిచారు. ఒంటరిగా నిలబడ్డ ఆ ముసలాయన్ని చూసి కామాక్షమ్మకి జాలేసింది, సిగ్గూ వేసింది. కానీ అవతల పూజిత కళ్లనిండా నీళ్లు. తన గుప్పెడు మాట మింగేసి పెరుగు గిన్నె అందుకుంది.

"మీరేం జేస్తరు వదినె, గాయన అట్లుంటే," అని లలితకుమారి పెరుగన్నం వేయించుకుంది. రాజ్యం పోయింది గానీ సంబంధం నిలిచింది.

ఇటువంటి నిరంకుశత్వం మళ్లీ తలెత్తకూడదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నియంతని నలుగురిలో నిలదీసిన ధీరవనితగా కామాక్షమ్మని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. లలితకుమారికి గౌరవ సలహాదారు పదవి ఇచ్చి దండ వేసింది.

కామాక్షమ్మకి షుగరు.

పూజిత పెళ్లి పాయసంలో బెల్లం పడలేదు. "మస్తుగుంది," అని మొట్టమొదట మెచ్చుకున్నది గౌరవ సలహాదారే. ప్రజాస్వామ్యం కదా, ఎవరి మీదా బలవంతం లేదు. ఆ బంతిలో మీరూ కూర్చుని ఉంటే గిన్నె ఊడ్చి, ఇంకో గరిటె వేయించుకునేవారు.