యాదలక్ష్మి యాత్ర దిగ్విజయం

ఎల్.బి.నగర్ నుంచి ఎర్రకుంట దాకా నూటరెండు కిలోమీటర్ల చక్రాల కుర్చీ యాత్ర దిగ్విజయంగా ముగిసిందని పాఠక మహాశయులకు తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. దారిలో టిఫిను, ఫోటోలు కలుపుకొని యాత్రకు పట్టిన సమయం మూడు గంటలు. యాత్ర చేయవలసిన యాదలక్ష్మి అందులో లేదన్న చిన్న లోపం తప్పిస్తే, ఏర్పాట్లలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

యాదలక్ష్మిది మన్సూరాబాద్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ షాపు నడుపుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చినప్పటి నుంచీ చక్రాల కుర్చీయే ఆమె నడక. పన్నెండేళ్ళుగా ఉద్యోగాల దరఖాస్తులు నింపీ నింపీ, ఏ కాలమ్‌లో ఏం రాస్తే తిరిగొస్తుందో అధికారులకన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమె చేత్తో నింపించుకున్న పిల్లలు నలుగురు తాసిల్దారు ఆఫీసుల్లో కుదురుకున్నారు. మిగిలినవాళ్ళు ఇంకా ఆ సందులోనే ఉన్నారు.

మొన్న వేసవి మొదట్లో పెళ్ళికని సొంతూరు ఎర్రకుంట వెళ్ళినప్పుడు, చిన్నాయన మట్టయ్య కూతురు జ్యోతికను బడి దగ్గర చూసింది. పదకొండేళ్ళ పిల్ల. తనలాగే చక్రాల కుర్చీ. బడికి ఐదు మెట్లు. తండ్రి రెండేళ్ళు ఎత్తుకుని ఎక్కించాడు కానీ, నడుము పట్టేశాక వల్ల కాలేదు. ఇప్పుడు ఆ పిల్ల బయట కిటికీ కింద కూర్చుని పాఠం వింటోంది. వానొచ్చి కిటికీ మూస్తే ఆ రోజు ఆమెకు సెలవు.

యాదలక్ష్మి ఏడో తరగతితో బడి మానేసింది కూడా మెట్ల దగ్గరే. మేస్త్రీని అడిగితే ర్యాంపుకు వెయ్యి ఇటుకలు చాలన్నాడు. హైదరాబాదు తిరిగొచ్చి షాపు గోడకు ఒక కాగితం అంటించింది. 'ఎల్.బి.నగర్ నుంచి ఎర్రకుంటకు నా చేతులతో కుర్చీ తోసుకుంటూ పోతాను. ఒక్కో కిలోమీటరుకు ఒక్కొక్కరు పది ఇటుకలు ఇవ్వగలిగితే పేరు రాయండి.' నాలుగు రోజుల్లో కాగితం నిండింది. ఉద్యోగాలు లేని పిల్లలు కూడా తలా పది రాశారు.

వెంటనే సాధన మొదలుపెట్టింది. తెల్లవారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సర్వీసు రోడ్డులో వెళ్ళి రావడం. ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా మన నగరంలో ఇనుప స్తంభాలు నాటారు. బైకులు వాటి సందుల్లోంచి సులువుగా దూరిపోతున్నాయి కాబట్టి, స్తంభాల వల్ల పూర్తిగా ఆగినది యాదలక్ష్మి ఒక్కతే. ఇక రోడ్డు మీద పరోపకారులకు కొదవ లేదు. అడగకుండానే వెనకనుంచి వచ్చి కుర్చీ పట్టుకుని, ఆమె వద్దు వద్దంటున్నా రోడ్డు దాటించి, దండం పెట్టించుకోకుండానే వెళ్ళిపోయే మంచివాళ్ళు. వారం రోజుల శిక్షణలో ఆమె మొత్తం నలభై కిలోమీటర్లు ప్రయాణించింది. అందులో పదకొండు ఆమె వెళ్ళదలచుకోనివి. ఒళ్ళో పడిన పది రూపాయల నోట్లు, అరటిపళ్ళు, ఒకసారి సగం తాగిన కొబ్బరి బోండాం అదనం.

రహదారి మీద వెళ్ళాలంటే అనుమతి కావాలి. అనుమతిచ్చే కార్యాలయం మొదటి అంతస్తులో ఉంది. గుమస్తా మంచివాడు. ఆమె ఎక్కలేదని తెలిసి తానే వరండా పిట్టగోడ దాకా వచ్చి, కింద ఉన్న ఆమెతో పైనుంచి మాట్లాడాడు. ఆమె పంపిన రెండు కాగితాలు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"జర సమజ్ చేసుకో అమ్మా. గీ కాయితమేమో ఎనభై శాతం వికలాంగురాలివంటున్నది. గా డాక్టర్ కాయితమేమో వంద కిలోమీటర్లు పోయేందుకు ఫిట్ అంటున్నది. రెండూ ఒక్క మనిషివేనా?"

"రెండూ నావే సార్."

"అట్లెట్ల కుదురుతది? రెంట్ల ఏదో ఒకటి రద్దు చేయించుకొని రా."

పన్నెండేళ్ళలో యాదలక్ష్మికి నింపడం చేతకాని దరఖాస్తు ఇదొక్కటే. సరిగ్గా ఈ ఇబ్బంది దగ్గరే కాలనీ సంక్షేమ సంఘం రంగంలోకి దిగింది.

సంఘం అధ్యక్షులు పట్టాభిగారు కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. ఉద్యోగ విరమణ చేసి తొమ్మిదేళ్ళయినా అధ్యక్షత విరమించనివారు. కార్యదర్శి భిక్షపతికి ఫ్లెక్సీల దుకాణం ఉంది కనుక, కాలనీలో ఏ మహత్కార్యమూ ఫ్లెక్సీ లేకుండా జరగదు. పట్టాభిగారు ఒక్క ఫోను చేయగానే అనుమతి వచ్చింది. యాదలక్ష్మి మనస్ఫూర్తిగా దండం పెట్టింది. ఆ దండంతోనే యాత్ర ఆమె చేతుల్లోంచి జారిపోయిందని అప్పటికి ఆమెకు తెలియదు.

"మీరేం కంగారు పడకండమ్మా. మీరు కుర్చీలో కూర్చుంటే చాలండీ, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు పట్టాభిగారు. ఆయన మాట తప్పలేదు.

ఇరవై ఒక్క మందితో యాత్రా నిర్వహణ కమిటీ ఏర్పడింది. సమావేశాలు సంఘం డాబా మీద జరుగుతాయి కాబట్టి, ఆమెను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక కమిటీలో ఆమె పేరు చేర్చలేదు. తొలి సమావేశంలో టీషర్టుల రంగు, రెండో సమావేశంలో టీషర్టుల మీద పేర్ల వరుస తేల్చారు. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో ఇరవై రెండు ముఖాలు నవ్వుతున్నాయి. ఇరవై రెండోది కింద మూలన యాదలక్ష్మిది, భుజాల వరకు.

"కుర్చీ ఏదన్నా?" అని ఆమె అడిగింది.

"జాగ సాల్లేదక్కా" అన్నాడు భిక్షపతి నొచ్చుకుంటూ. ఆ ఫ్లెక్సీల్లో మూడింటిని, ఫుట్‌పాత్ మీద ఆమె ఎక్కగలిగిన మూడే మూడు వాలులకు అడ్డంగా కట్టారు.

ఒక ఆదివారం, కమిటీ పిలిచిన ముఖ్య అతిథిగారికి తీరిక దొరికింది. వర్జ్యం చూసుకుని ఉదయం తొమ్మిదింటికి సన్మానం, పదింటికి జెండా ఊపడం అని నిర్ణయించారు. సన్మానం ఒక ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో. లిఫ్టు ఉంది, బిర్యానీ డేగిశాలకు కేటాయించారు. నలుగురు యువజన నాయకులు కుర్చీతో సహా ఆమెను ఎత్తి మెట్లెక్కించారు. ఫోటో సరిగా రాలేదని మొదటి అంతస్తుకు దించి మళ్ళీ ఎక్కించారు.

వేదిక మీద ఇంకో చిక్కు వచ్చింది. అతుకులేసిన ఆ పాత కుర్చీ అతిథుల సోఫాల పక్కన బాగా కనబడటం లేదు. హాలులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖమల్ సింహాసనం ఉంది కదా, ఆమెను అందులోకి మార్చారు.

"గా కుర్చీని కిందికి దించి పూలు కట్టిస్త అక్కా. ర్యాలీల మస్తు కనబడాలె" అని భిక్షపతి తీసుకుపోయాడు. ఎవరో నడిచి వెళ్తూ తన కాళ్ళు తీసుకుపోయినట్లనిపించింది యాదలక్ష్మికి. కానీ అప్పటికే మెడలో దండ పడింది, నోరు తెరిస్తే పూరేకులు నోట్లోకి వస్తున్నాయి.

ముఖ్య అతిథిగారు అద్భుతంగా మాట్లాడారు. "ఈ సోదరికి కాళ్ళు లేవు. కానీ సంకల్పం ఉంది. సోదరులారా, మనకు కాళ్ళున్నాయి. కాళ్ళుండీ మనం ఏం చేస్తున్నాం?" హాలు చప్పట్లతో మార్మోగింది. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. తన కాళ్ళు ఉన్నాయనీ, కదలవంతేననీ చెబుదామని యాదలక్ష్మి చూసింది గానీ, వందన సమర్పణకే మైకు చాల్లేదు. పదిహేడు శాలువాలు కప్పాక ఆమె సింహాసనంలో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

పదిన్నరకు వర్జ్యం గుర్తొచ్చి అందరూ ఒక్కసారిగా మెట్లు దిగారు. కింద జెండా ఊగింది, డీజే మోగింది. ముందు డీసీఎం వ్యాను మీద బంతిపూలతో ఆమె కుర్చీ, వెనక పద్నాలుగు కార్లు. యాదలక్ష్మి శాలువాలు తోసుకుని కిటికీలోంచి చూసింది. తన యాత్ర హయత్‌నగర్ వైపు మలుపు తిరుగుతోంది. మనిషి లేని కుర్చీని చూసి బస్సుల్లోవాళ్ళు దండాలు పెడుతున్నారు. ఆమె గొంతు చించుకుని అరిచింది. అరుపు పాటలో కలిసిపోయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి కారులోవాళ్ళూ ఆమె ఇంకో కారులో ఉందనుకున్నారు.

హాలు ఊడ్చడానికి వచ్చిన కిష్టమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "ఏందమ్మా, పెండ్లిపిల్ల లెక్క ఒక్కదానివే కూసున్నవ్?"

"నన్ను మర్శిపోయిన్రు పెద్దమ్మా" అంది యాదలక్ష్మి. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటతో వచ్చింది.

కిష్టమ్మ ఓదార్చలేదు. మెట్ల మీద ఆ పదిహేడు శాలువాలు పరిచింది. వాటి మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టే జారుతూ యాదలక్ష్మి నలభై నాలుగు మెట్లు దిగింది. శాలువాలు మనుషులకు ఉపయోగపడటం ఆ హాలు చరిత్రలో అదే మొదటిసారి.

సాయంత్రానికి కుర్చీ వచ్చింది. ఒక పాదాల పలక వంగి ఉంది. మర్నాడు పేపర్లో 'సంకల్పానికి సలాం, ఎర్రకుంట చేరిన యాదలక్ష్మి' అని వార్త వచ్చింది. పట్టాభిగారు ఆ పేపరు స్వయంగా తెచ్చిచ్చారు.

"మీరు వెనక బండిలో ఉన్నారనుకున్నామండీ. అయినా దిగ్విజయమైపోయింది కదా, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు.

"పిల్లలు ఇటుకలు నా చేతులను చూసి రాసిన్రు సార్. మీ డీసీఎంను చూసి కాదు" అంది ఆమె. అది యాత్రా గర్వమని పట్టాభిగారు కమిటీకి నివేదించారు.

గురువారం కోడి కూయకముందే, ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. ఫ్లెక్సీ లేదు, జెండా లేదు. వెంట ఒక స్పేర్ ట్యూబు, నీళ్ళ సీసా, అరచేతులకు చుట్టుకోవడానికి చింపిన ఒక శాలువా ముక్క. చౌటుప్పల్ దగ్గర బొబ్బలు లేచాయి, చిట్యాల దాటాక పగిలాయి. రాత్రిళ్ళు దాబాల్లో ఆడవాళ్ళ పక్కన పడుకుంది. ఆరో రోజు మధ్యాహ్నం ఎర్రకుంట బడి గేటు ముందు కుర్చీ ఆపి, దుమ్ము కొట్టుకున్న ముఖంతో నవ్వింది.

ప్రధానోపాధ్యాయురాలు శేషారత్నం బయటికొచ్చి, "యాదలక్ష్మిగారు తొమ్మిది రోజుల కిందట, ఆదివారమే వచ్చి వెళ్ళారమ్మా. రిజిస్టర్‌లో రాసుకున్నాం. మీరెవరు?" అని అడిగింది.

యాదలక్ష్మి ర్యాంపు కోసం చూసింది. మెట్లు ఐదూ ఉన్నాయి. వాటి ఎదురుగా కొత్తగా ఒక వేదిక ఉంది. ర్యాంపు కట్టాలంటే ముందు శంకుస్థాపన జరగాలి, దానికి శిలాఫలకం పెట్టాలి, పెద్దలు నిలబడాలి. పిల్లలు పేర్లు రాసిన ఇటుకలను భిక్షపతి ముందే తోలించాడు. వెయ్యిన్ని ఇరవై ఇటుకలూ వేదికకు సరిగ్గా సరిపోయాయి. పైన నల్లరాయి మీద బంగారు అక్షరాల్లో 'ర్యాంపు' అని ఉంది. వేదికకు మెట్లు ఐదు.

దాని నీడలో జ్యోతిక పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది. "కిటికీ ఇప్పుడు కనబడ్తలేదక్కా. ఇది అడ్డమొచ్చింది" అంది.

యాదలక్ష్మి కళ్ళు మండాయి. ఒంగి ఒక ఇటుకను పట్టుకుని లాగింది. హడావిడిలో మట్టితో పేర్చి పైన సిమెంటు పూసిన కట్టడం కావడంతో, అది పాలపన్నులా ఊడి చేతికొచ్చింది. ఆ ఇటుకను జ్యోతిక ఒళ్ళో పెట్టింది. పిల్ల దాన్ని మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి పెట్టి, ఇంకోదానికి తిరిగొచ్చింది. మట్టయ్య నడుము పట్టుకునే గడ్డపార తెచ్చాడు. శేషారత్నం రిజిస్టర్ లోపల పెట్టి, చీర కొంగు దోపుకుని వచ్చింది. మూడు రోజుల తర్వాత, ఆ ఇటుకలతో కట్టిన ర్యాంపు మీదుగా జ్యోతిక తన చేతులతో తానే తోసుకుని తరగతిలోకి వెళ్ళింది. లోపలినుంచి కిటికీని చూడటం ఆ పిల్లకు చాలా రోజుల తర్వాత ఇదే మొదటిసారి.

సంతోషకరమైన విషయాలు అక్కడితో అయిపోయాయి. ఇక బాధాకరమైనది. ఎర్రకుంటలో వికలాంగుల సంక్షేమార్థం నిర్మించిన చారిత్రక వేదికను గుర్తు తెలియని దుండగులు నేలమట్టం చేసిన సంగతి పాఠకులు పేపర్లో చదివే ఉంటారు. ఈ దుశ్చర్యను యాదలక్ష్మిగారు తీవ్రంగా ఖండించినట్లు కమిటీ ఆమె తరఫున ప్రకటన విడుదల చేసింది. ఆమె కలిసినప్పుడు ఆమెకు కూడా తెలియజేస్తారు.

వచ్చే ఆదివారం ఖండన సభ. మీరంతా కుటుంబసమేతంగా రావాలని ఆహ్వానం. అదే ఫంక్షన్ హాలు, రెండో అంతస్తు. లిఫ్టు డేగిశాలకు. అయినా మనకేం, మనకు కాళ్ళున్నాయి కదా.