డబ్బాలో ముప్ఫై క్లిప్పులు

మికోనోస్ పాత రేవులో స్టమాటిస్ పడవంటే తెలియని వాళ్ళు లేరు. మే నెల మొదలు అక్టోబరు దాకా రోజూ అదే వరస. పొద్దున తొమ్మిదిన్నరకు ముప్ఫైమందిని ఎక్కించుకుని డెలోస్ దీవికి తీసుకుపోతాడు. వాళ్ళు అక్కడ రెండున్నర గంటలు పాతకాలపు గుళ్ళ రాళ్ళ మధ్య ఎండలో తిరిగి, వాడిపోయిన ముఖాలతో పడవెక్కుతారు. ఎదుటనే ఉన్న రీనియా దీవి పక్కన లంగరు వేస్తే దబదబా నీళ్ళలోకి దూకుతారు. ఈతకొట్టిన ఆకలి మీద జంబేటా చేసిన మాంసపుండలు తింటారు. సాయంత్రం ఐదుకల్లా మళ్ళీ రేవు. ఏ రాయి ఏ దేవుడిదో వాళ్ళు పడవ దిగేలోపే మరిచిపోతారు గానీ, ఆ ఉండల గురించి మాత్రం సొంత ఊరు వెళ్ళాక కూడా ఉత్తరాలు రాస్తారు.

జంబేటా స్టమాటిస్ పెళ్ళాం. తెల్లవారకముందే లేచి మాంసంలో పుదీనా, ఉల్లి, నానిన రొట్టె కలిపి పిసికి, ఉండలు చుట్టి గిన్నెలకెత్తుతుంది. పడవలో వాటిని వేయించి వడ్డించడం మొగుడి వంతు. ఒక డజను మాత్రం ఇంట్లోనే వేయించి వేరే డబ్బాలో పెడుతుంది. అది డెలోస్‌లో రాళ్ళకు కాపలా ఉండే నికిఫోరోస్‌కు. వాళ్ళ పిల్లకు బాప్తిస్మం నాడు పేరుపెట్టిన జ్ఞానతండ్రి అతను. ఆ బంధుత్వానికి పన్నెండు ఉండలంటే తక్కువేనని ఆమె అనుకుంటూ ఉంటుంది. ఇంత చేసినా ఆమె ఏనాడూ ఆ పడవెక్కి ఎరగదు. వంటిల్లు వదిలితే కదా.

ఇక స్టమాటిస్‌కు ఒక పట్టింపు ఉంది. మనుషుల్ని లెక్కపెట్టడు. లెక్కపెడితే దిష్టి తగులుతుందనీ, వాళ్ళ నాన్న ఒకసారి అలా లెక్కపెట్టిన సాయంత్రమే పడవ రాతికి కొట్టుకుందనీ అతని నమ్మకం. అందుకని డెలోస్‌లో దిగేటప్పుడు ఒక్కొక్కరికి ఒక నీలం రంగు బట్టల క్లిప్పు ఇస్తాడు. చొక్కాకు తగిలించుకుని తిరిగి, ఎక్కేటప్పుడు దాన్ని ఆలివ్ నూనె డబ్బాలో వేయాలి. ముప్ఫై క్లిప్పులు పడితే పడవ కదులుతుంది. అప్పుడు దిష్టి తగిలినా క్లిప్పులకే తగులుతుంది కదా. ఆ క్లిప్పులు మరెక్కడివో కాదు, జంబేటా దండెం మీద నుంచి తీసుకుపోయినవే.

ఆ గురువారం జంబేటా పెట్టుకున్న పని చాలా చిన్నది. దుప్పట్లు ఆరేసి, గుమ్మం మెట్లకు సున్నం వేయాలనుకుంది. కానీ పొద్దున్నే మొగుడు గడ్డం గీసుకుంటూ కనిపించాడు. గురువారం గడ్డం గీయడం అతని ఇంటా వంటా లేదు. తరవాత కూతురి పెళ్ళికి కుట్టించిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అంతటితో పోనీ అనుకుంటే, అలమరలో పైవరసన, ఎవరైనా పెద్ద చుట్టాలు వస్తే తప్ప మూత తీయని, పాకంలో ఊరేసిన నారింజ తొనల సీసా చంకన పెట్టుకున్నాడు. మెట్ల కింద నిలబడి ఫోనులో గుసగుసలాడటం కూడా ఆమె చెవిన పడింది.

"దనాయి గారూ, మీరొస్తున్నట్టు ఇంట్లో తెలీదండీ. తెలియనివ్వను కూడా. రీనియాలో మీకు నా చేత్తో వడ్డిస్తాను. ఆ తరవాత మీ ఇష్టం."

జంబేటా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. దండెం దగ్గర ఆడవాళ్ళందరూ చేసే పనే ఆమె కూడా చేసింది, చేతికందేలా మెడపట్టీకి వరసగా ఐదు క్లిప్పులు తగిలించుకుని ఉంది. వాటిని తీయడం కూడా మరిచిపోయి, పక్కింటి అర్గీరో దగ్గరికి పోయి కూర్చుంది. అర్గీరో కాఫీ పోసి, తాగాక కప్పు బోర్లించి, మడ్డిలో గీతలు చూసి జరగబోయేది చెబుతుంది. ఆ వీధిలో డాక్టరు మాటకన్నా ఆ మాటకే విలువ.

"టోపీ పెట్టుకున్న ఆడది," అంది అర్గీరో కప్పు తిప్పుతూ. "నీళ్ళ మీదుంది. మీ ఆయన ఆమె వెంటపడుతున్నాడు."

"వయసెంతుంటుంది?"

"వయసు మడ్డిలో ఎక్కడ తెలుస్తుందే. నడుం మాత్రం సన్నం."

"అయితే నేను కాదు," అంది జంబేటా.

ఆపైన ఆమె ఆలోచించలేదు. కూతురు వదిలి వెళ్ళిన పూలగౌను ఉన్న బట్టల మీదే తొడుక్కుంది. గడ్డిటోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రేవుకు పరిగెత్తింది. అక్కడ ఏముంది, ఏథెన్స్ నుంచి వచ్చినావిడ, నిజంగానే సన్నటి నడుం, అచ్చం అలాంటి గడ్డిటోపీతో పడవెక్కుతోంది. ఆ టోపీలు రేవు సందులో ఒకే కొట్లో అమ్ముతారు మరి. స్టమాటిస్ ఆమెను రెండు చేతులా పట్టుకుని, గాజుసామాను ఎక్కించినంత జాగ్రత్తగా ఎక్కిస్తున్నాడు. అతని వీపు వెనకనుంచి ఎవరెక్కితే ఎవరికి తెలుసు. జంబేటా ఒక జర్మన్ కుటుంబం నడుమ దూరి ముందుభాగంలో కూర్చుంది.

డెలోస్‌లో అందరికీ క్లిప్పులు చేతికిచ్చాడు స్టమాటిస్. దనాయికి మాత్రం తానే కాలరుకు తగిలించి, ఆమెతోపాటు నడిచాడు. జంబేటా ఆ పక్కనుంచి క్లిప్పు తీసుకోకుండానే దిగి, విరిగిన స్తంభాల వెనక నుంచి స్తంభాల వెనకకు వాళ్ళను వెంబడించింది. దేవుడి విగ్రహానికి తల లేదు, ఆమె పట్టించుకోలేదు. వరసగా రాతి సింహాలు కూర్చున్నాయి, వాటి చాటున నక్కింది తప్ప తలెత్తి చూడలేదు. మాటలు వినపడటం లేదు గానీ మొగుడి చేతులు కనపడుతున్నాయి. రెండు అరచేతులతో గాలిలో గుండ్రంగా చేస్తున్నాడు. మళ్ళీ చేస్తున్నాడు. కాస్త నొక్కినట్టు, మెల్లగా దొర్లించినట్టు. ఆఖర్న మూడు వేళ్ళు కలిపి పెదవులకు తాకించి ముద్దుపెట్టి వదిలాడు.

పెళ్ళయిన కొత్తలో కూడా తనను చూసి అలా వేళ్ళు ముద్దుపెట్టుకున్న పాపాన పోలేదనుకుంది జంబేటా. పక్కనున్న రాతి సింహానికి మూతి అరిగిపోయి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చూపుకు అది కూడా జడుసుకునేదే.

కాసేపటికి స్టమాటిస్ నికిఫోరోస్‌కు ఉండల డబ్బా ఇచ్చి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. దనాయి ఒక పాడుబడ్డ ఇంటి గోడ నీడన కూర్చుని ఏదో రాసుకుంటూ, ఎండకు కళ్ళు మూతలుపడి, గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. జంబేటా అప్పటికి మొగుడి వెనకనే పడవ దారి పట్టింది.

ఎక్కే చోట డబ్బా పట్టుకుని నిలబడ్డాడు స్టమాటిస్. జంబేటా తన వంతు రాగానే చేతులు చూసుకుంది. చేతిలో క్లిప్పు లేదు. చెమటకు మెడ దగ్గర ఏదో గుచ్చుకుంటే చెయ్యి పెట్టి చూసుకుంది. దండెం క్లిప్పు. ఒకటి లాగి డబ్బాలో వేసి, తల దించుకుని దాటిపోయింది. స్టమాటిస్ ఆ వేసిన చేతిని చూడనే లేదు. తలల మీదుగా గడ్డిటోపీ కోసం వెతుకుతున్నాడు. తీరా పడవ ముందుభాగంలో టోపీ కనపడనే కనపడింది. డబ్బాలో క్లిప్పులు ముప్ఫై. వెనక ఇంకో పడవ చోటు కోసం హారన్ కొడుతోంది. తాడు విప్పేశాడు.

దారిలో చుక్కాని వదలలేక, చిన్న గాజుపళ్ళెంలో ఆ నారింజ తొనలు పెట్టి, చేతులు మార్చి ఆ టోపీ దగ్గరికి పంపించాడు. ఇంజను మోతలో గట్టిగా అరిచాడు. "మీ కోసమేనండీ. ఇంట్లో ఆవిడ నాకైతే నాకడానిక్కూడా ఇవ్వదు."

జంబేటా తన సీసాలోది తానే, పళ్ళు నూరుతూ, చెంచాడు కూడా మిగల్చకుండా తినేసింది. ఆ మహాతల్లికి దక్కకుండా పోయిందన్న తృప్తి ఒక్కటే ఆ పూట ఆమెకు.

రీనియాలో లంగరు పడగానే జనం నీళ్ళలోకి దూకారు. స్టమాటిస్ పొయ్యి వెలిగించి, పెనంలో నూనె పోసి, ఉండలన్నీ అందులో పరిచి, ఆవిణ్ణి పిలుచుకురావడానికి ముందుకు బయలుదేరాడు. అతను వస్తున్నది చూసి జంబేటా గాభరాపడి నిచ్చెన దిగి, గౌనుతో, టోపీతో, కళ్ళద్దాలతో సహా సముద్రంలోకి దిగిపోయింది. ఈది ఇరవై ఏళ్ళు దాటింది గానీ దీవిలో పుట్టిన ఒళ్ళు మరిచిపోతుందా. పడవ వెనక చుక్కాని చాటున నక్కి, కర్ర పట్టుకుని వేలాడింది. గౌను మాత్రం గాలి నింపుకుని గొడుగులా పైకి లేచి ఆమె ముఖాన్నే కప్పేసింది. దాంతో టోపీ ఊడి, అలల మీద తేలుతూ పోయింది.

"టోపీ ఆవిడ ఏదండీ?" అనడిగాడు స్టమాటిస్. నీళ్ళలోకి దిగిందని జర్మన్లు చూపించారు. చూస్తే టోపీ ఒక్కటే ఉంది, కింద తల లేదు.

స్టమాటిస్ బూట్లు కూడా విప్పకుండా దూకాడు. పెళ్ళిచొక్కా బుడగలా ఉబ్బింది. ఆ కేకలకు పక్కనున్న రెండు పడవల వాళ్ళు కూడా దూకారు. పది నిమిషాల్లో ఆ చిన్న వంపులో నలభైమంది ఊపిరి బిగబట్టి అడుగున ఇసుక దేవుతున్నారు. పైన పెనంలో ఉండలు మాడి నల్లపొగ లేస్తుంటే, అది ప్రమాదపు గుర్తు కాబోలునని ఇంకో పడవ కూడా వచ్చి చేరింది. స్టమాటిస్ ఖాళీ టోపీని గుండెకు హత్తుకుని నీళ్ళలో తేలుతూ, "దనాయి గారూ, దనాయి గారూ, నా బతుకు తెల్లారిపోయింది," అని ఏడుస్తున్నాడు.

అంతవరకు ఓర్చుకున్న జంబేటా అది మాత్రం ఓర్చుకోలేకపోయింది. చుక్కాని చాటునుంచి బయటికి ఈదుకొచ్చింది.

"ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా కోసం చెప్పు తడుపుకున్నావటయ్యా? గాలికి నా చీపురు సముద్రంలో పడితే రేపు తెస్తానన్నావే. ఇవాళ దీనికోసం పెళ్ళిచొక్కాతో దూకావు. ఎవతె అది?"

స్టమాటిస్ ముందు బిత్తరపోయాడు. ఆ తరవాత అతని కళ్ళు ఆమె మెడ దగ్గర ఆగాయి. తడిసిన గౌను కిందనుంచి నాలుగు నీలం క్లిప్పులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అలాంటిదే ఇంకొకటి ఎక్కడ పడిందో అతనికి అర్థమయింది. డబ్బాలో ముప్ఫై ఎలా అయ్యాయో కూడా అర్థమయింది.

"ఓసి నీ తెలివి తగలెయ్యా," అన్నాడు నీరసంగా. "ఆవిడ డెలోస్‌లోనే ఉండిపోయిందే."

మాడిన పెనం సముద్రంలో గుమ్మరించి, యాత్రికులకు ఎండురొట్టె, కారపు జున్ను పంచి, లంగరెత్తి తిరిగి డెలోస్ వైపు పోయారు. ఒడ్డున దనాయిని చూస్తే ఎక్కడ పట్టుకోవాలా అని దారంతా ఆలోచించింది జంబేటా. ఆ సన్నటి నడుం ఆమెకు మరీ అక్కరకొచ్చేలా కనపడింది.

దనాయి కాపలాదారు గది ముందు, చింకి గొడుగు నీడలో కూర్చుని ఉంది. పక్కన నికిఫోరోస్. ఇద్దరి మధ్యా జంబేటా డబ్బా, ఖాళీగా. దనాయి అడుగున ఉన్న నూనెను రొట్టెముక్కతో తుడుచుకు తింటోంది. తనను వదిలేసి పోయారన్న కోపం ఆమె ముఖంలో మచ్చుకైనా లేదు.

స్టమాటిస్ నీళ్ళోడుతూ ఎదురుగా నిలబడి క్షమించమన్నాడు. ఉండలు వేరే చేసి పెడతానన్నాడు.

"అదలా ఉంచండి," అంది దనాయి. "నేను మా పత్రికలో రాయాల్సింది మీ చేతి ఉండల గురించే కదా. మూడేళ్ళుగా మీరే చేస్తున్నారని రాశారు. ఒక్కటి చెప్పండి చాలు. రొట్టెను దేనిలో నానబెడతారు?"

స్టమాటిస్ పెళ్ళాం వైపు చూడలేక సముద్రం వైపు చూశాడు. అది అతనికి ఏమీ అందివ్వలేదు. "నీళ్ళలోనే కదండీ," అన్నాడు చివరకు.

నికిఫోరోస్ గట్టిగా దగ్గాడు. అతను అప్పటికే ఆమెకు అంతా చెప్పేశాడు. స్టమాటిస్ గుడ్డు ఉడకబెడితే పెంకుతో సహా మాడుతుందని కూడా చెప్పాడు. పాపం, పన్నెండింటిలో తొమ్మిది ఆవిడకే పెట్టాడు, మనసు బాధగానే ఉండి ఉంటుంది.

"ఊజోలో," అంది జంబేటా. "మా అత్త నేర్పింది. చెంచాడు ఆ సోంపు సారాలో నానితే మాంసం వాసన కొట్టదు."

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. గాలిలో గుండ్రంగా తిరిగిన చేతులు ఏమి చుట్టాయో, మూడు వేళ్ళ ముద్దు దేనికో, ఇంట్లో ఎందుకు తెలియకూడదో. ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆడదనుకుని వచ్చానయ్యా," అంది మెల్లగా. "ఆడదే అయితే బాగుండును. ఇద్దరికీ చెరి రెండు తగిలించి ఊరుకునేదాన్ని. నా ఉండలు ఎత్తుకుపోయావే."

"అందరూ నిన్నే పొగుడుతారే," అన్నాడు స్టమాటిస్, తడిచేత్తో ముఖం తుడుచుకుంటూ. "పడవ నాది, సముద్రంలో తిప్పేది నేను. ఉత్తరాలన్నీ నీకే వస్తాయి. ఒక్కసారి నా పేరు కూడా కనపడితే ఏం పోతుందనుకున్నాను."

దనాయి కాలరుకు ఒకటున్నా వినకుండా, జంబేటా తన మెడపట్టీ నుంచి ఇంకో క్లిప్పు తీసి ఆమె చేతికిచ్చి, ఎక్కేటప్పుడు డబ్బాలో వేయమంది. వేసిందో లేదో కళ్ళారా చూసుకుంది. అర్గీరో కప్పు అబద్ధం చెప్పలేదని ఆమెకు దారిలో తట్టింది. టోపీ ఆడది తానే, నీళ్ళ మీద ఉండటం, మొగుడు వెంటపడటం, అన్నీ నిజమే. నడుం సంగతిలోనే కాస్త ముఖస్తుతి చేసింది.

రెండు వారాలకు పత్రిక వచ్చింది. సగం పేజీ జంబేటా బొమ్మే, పెనం పట్టుకుని, పూలగౌనుతో. పక్కన ఉండల సంగతి, ఊజో సంగతి. ఇప్పుడామె రోజూ పడవెక్కుతుంది, పొయ్యి ఆమెది, క్లిప్పులూ ఆమెవే. స్టమాటిస్ ఆ పేజీ కత్తిరించి అద్దం కట్టించి చుక్కాని పైన తగిలించాడు. ఎవరైనా ఆగి చూస్తే, బొమ్మ అంచున ఎడమపక్క కాస్త కనపడేది తన మోచెయ్యేనని చెబుతాడు.