రాత్రిపూట పెరిగిన ఎలక్ట్రాన్లపై విచారణ

సూర్యుడు అస్తమించాక ఆకాశంలో ఏదీ పెరగరాదు. ఇది ప్రకృతి నియమం కాదు, మా ఫారం నంబరు ఏడు.

మారతహళ్ళిలో ఒక అద్దె మేడ మీద నడుస్తుంది మా ఊర్ధ్వాకాశ లెక్కల కేంద్రం. చాలా ఎత్తున, అయానోస్ఫియర్ అనే పొరలో ఎలక్ట్రాన్లు ఎంత చిక్కగా ఉన్నాయో రోజూ యాప్‌లో నింపడం మా పని. పగలు ఎండకు పెరుగుతాయి, రాత్రి తగ్గుతాయి. అందుకే రాత్రి గడికి ఒక్కటే జవాబు పెట్టారు: 'తగ్గింది'. (ఎంపికలో స్వేచ్ఛ ఉంది. రెండుసార్లు నొక్కినా ఎవరూ ఏమీ అనరు.)

డిసెంబరులో వాటిని కొలిచే యంత్రం ఎదురుతిరిగింది. అర్ధరాత్రి దాటాక సాంద్రత పెరిగిందని చూపించింది. ఆ పని చూసే కాంట్రాక్టు ఉద్యోగి కిరణ్మయి గడిని ఖాళీగా వదిలేసింది. ఆమె కాంట్రాక్టు ముప్పై ఒకటితో ముగుస్తుంది. గడులన్నీ నిండితేనే పొడిగింపు.

రాత్రి పరిశీలనాధికారి అశ్వత్థప్ప గారు (సాయంత్రం ఐదింటికే ఇంటికి వెళ్తారు) ఆమెను పిలిపించారు.

"ఏమమ్మా, ఎండ లేకుండా ఎట్ల పెరిగిండాది?"

"పగలు పైకి పోయినవి చలికాలం రాత్రుళ్ళు మళ్ళీ కిందికి దిగుతాయి సార్. పుస్తకాల్లోనే ఉంది."

"ఎవర్ని అడిగి దిగినాయి? సుమ్నే, ఊరికే 'తగ్గింది' నొక్కు. నీదేం పోతాది?"

"అబద్ధం అవుతుంది కదా సార్."

"అబద్ధం కాదమ్మా, డీఫాల్టు."

ఆమె ఆ రోజూ నొక్కలేదు, ఆ తర్వాతా నొక్కలేదు. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. వారంలోగా సంజాయిషీ ఇమ్మని యంత్రానికి మెమో అంటించారు. యంత్రం జవాబివ్వలేదు (ఇది రెండో తప్పు). పైనుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు స్థానికేతరాలు గనుక లెక్కలోకి రావని కమిటీ తేల్చింది. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా యంత్రాన్ని ఆపేయాలని సిఫారసు చేసింది. ఆపేశారు. రాత్రి గడి మాత్రం రోజూ నింపాల్సిందే.

ముప్పై ఒకటిన కిరణ్మయి పేరు కింద 'పంతొమ్మిది గడులు ఖాళీ' అని వచ్చింది. పొడిగింపు రాలేదు. టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంటూ, పక్క సీటులో ఉన్న నాతో అంది: "మీరైనా నొక్కకండన్నా."

"చూద్దాంలేమ్మా" అన్నాను.

ఆమె కుర్చీ నాకిచ్చారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏం పని చేస్తావని నాన్న ఫోన్‌లో అడిగితే ఆకాశాన్ని కొలుస్తానని చెప్పాను. రోజుకు ఒక్కసారి నొక్కితే చాలు.