ఆఫీసు ఉయ్యాలలో గుండప్ప

ఇకమీదట ఉద్యోగుల పిల్లల్ని గవర్నమెంటే పెంచుతుందట! ఉగ్గు మొదలు జోల దాకా సర్వం సర్కారుదేనట!

ఈ మాట ఆంధ్రా నుంచి వలస వచ్చిన మా రైతుల క్యాంపులో పక్కింటి శివపార్వతక్క మా ఆవిడతో అంటే, మా ఆవిడ అన్నంతో పాటు నాకు వడ్డించింది. "కనేది మనమంట, పెంచేది వాళ్లంట! మీ ఆయనకి చెప్పవే కుసుమా, ఇంక జంకక్కర్లేదని!" అని కూడా అన్నదట. శివపార్వతక్కకు ఎవరు చెప్పారని ఆరా తీయకూడదు. ఆవిడ నోట వచ్చిన వార్త మూడో రోజుకల్లా సర్కులరై మా ఆఫీసుకు దిగుతుంది. ఈసారీ దిగింది.

రాయచూరు జిల్లాలో మాన్వి దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది మా ఆఫీసు. నేనక్కడ గుమాస్తాను. డెబ్బయ్యో సంవత్సరం మాట ఇది. సర్కులరు ఇలా ఉంది: "మాతృమూర్తులైన మహిళా ఉద్యోగుల సౌకర్యార్థం ప్రతి కార్యాలయమందును పదిహేను దినములలోగా శిశు సంరక్షణ కేంద్రము నెలకొల్పి, శిశువుల వివరములు నెలనెలా పంపవలెను. శిశువులు లేరను నివేదికలు అంగీకరింపబడవు."

మా ఆఫీసులో మహిళా ఉద్యోగి ఒక్కరే, టైపిస్టు గిరిజమ్మ గారు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆవిడ కడగొట్టు బిడ్డ రాయచూరులో ప్లీడరు.

"కావాలంటే మావాణ్ణి రమ్మంటానండీ. కోర్టు సెలవుల్లో ఖాళీగానే ఉంటాడు" అన్నారావిడ, టైపు ఆపకుండానే.

హెడ్‌క్లర్కు వెంకోబరావు గారు నవ్వకుండా నా వైపు తిరిగారు. రాయచూరు పాత కాపురస్థులాయన. నిజాం కాలంలో నౌకరీలో చేరిన మనిషి, హుకుం అంటే హుకుమే.

"చెంచయ్యా, పిల్లలు లేరని రాస్తే మెమో వస్తది. ముందు తొట్టెల తెప్పిద్దాం. తొట్టెల వస్తే పిల్లలు వాళ్లే వస్తరు!"

వచ్చింది. చిలకలు చెక్కిన టేకు ఉయ్యాల! రికార్డు గదిలో దూలానికి గొలుసులతో వేలాడదీశాం. అక్కడే వచ్చింది చిక్కు. కిటికీలోంచి కాలవ గాలి కొట్టేసరికి ఉయ్యాల దానంతటదే ఊగింది. వెంకోబరావు గారి మొహం తెల్లబోయింది.

"అయ్యయ్యో! ఖాళీ తొట్టెల ఊగొద్దయ్యా! ఇంటికైనా అరిష్టం, ఆఫీసుకైనా అరిష్టం! పట్టుకో!"

నేను ఉయ్యాల పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఇంటికి పరుగెత్తి రుబ్బురోటి గుండు మోసుకొచ్చారు. ఈ సీమలో బారసాల నాడు బిడ్డకంటే ముందు ఉయ్యాలెక్కేది ఆ గుండే. దానికి గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, గుండప్ప అని పిలిచి, నాలుగు ఊపులు ఊపి, దాన్ని దించాకే బిడ్డను పడుకోబెడతారు. బిడ్డ గుండులా గట్టిగా ఉండాలని!

మా ఆఫీసులో గుండప్ప ఎక్కాడు. దిగలేదు.

నెలాఖరుకు నివేదిక పంపాలి. "ఉయ్యాలలో ఉన్నదాన్నే రాయి" అన్నారు రావు గారు. రాశాను. శిశువు పేరు: గుండప్ప. సంరక్షకుడు: హెడ్‌క్లర్కు, హోదా రీత్యా. ఏడుపు: లేదు. జబ్బులు: లేవు. బరువు: ఆరు కిలోలు. మరుసటి నెల కూడా ఆరే అని రాయబోతే రావు గారు నా కలం పట్టుకున్నారు.

"ఎదగని పిల్లగాన్ని చూపిస్తే మనం కడుపు మాడుస్తున్నమంటరయ్యా! అర కిలో పెంచు!"

గుండప్ప ఎదిగాడు.

సరిగ్గా ఆ వారమే బసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆఫీసు ఊడ్చి, కుండలు నింపేది ఆవిడే. రోజుకూలీ. ఎనిమిది నెలల కూతుర్ని పెరట్లో వేపచెట్టు నీడన వదిలి పని చేసుకునేది. వేపచెట్టుకు పది అడుగుల్లో కాలవ. అడ్డుగోడ లేదు, కంచె లేదు.

"రావుసాబ్, పిల్ల పాకుతుంది. మొన్న కాలువ అంచు దాంక పోయింది, దేవుడు సల్లగుండి దొరికింది. పనిజేసే యాళ్ల గా తొట్టెల వేసుకుంటనయ్యా."

"నువ్వు రోజుకూలివి గదా బసమ్మా! అది నౌకర్ల పిల్లలకు. రూలు లేదు. రేపు పై నుంచి అడిగితే నేనేం జవాబియ్యాలె?"

బసమ్మ ఉయ్యాల వైపు చూసింది. గుండప్ప ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. ఆవిడ వెళ్లి, పిల్ల నడుముకు తాడు కట్టి, రెండో కొస వేపచెట్టుకు ముడేసింది. నేను పోయి నా కుర్చీలో కూర్చున్నాను. రిజిస్టరు నిండా ఉన్నది నా చేతిరాతే మరి!

నాలుగో నెల దాటగానే పై నుంచి ప్రశంసాపత్రం! ఒక్క ఏడుపు, ఒక్క జలుబు లేని కేంద్రం జిల్లాలో మాదొక్కటేనట. తక్కినవాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాలట. ఆ వెంటనే తనిఖీ అధికారిణి జయాబాయి గారు, ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని జీపు దిగారు.

"ష్... నిద్రపోతుండడమ్మా" అన్నారు వెంకోబరావు గారు గుసగుసగా.

"ఫర్వాలేదు, ఎత్తుకుని ఒక ఫోటో దిగుతా" అని ఆవిడ ఉయ్యాలలో చేతులు పెట్టారు. "అబ్బో! ఎంత బరువున్నడు!"

గుడ్డ జారింది. నల్లటి నున్నటి గుండు, మీద కుంకుమ బొట్టు. గిరిజమ్మ గారి టైపు మిషను ఆగింది. నా ఉద్యోగం కాలవలో కొట్టుకుపోవడం నాకు కళ్లకు కట్టింది.

జయాబాయి గారు గుండును చూశారు. రావు గారిని చూశారు. వాకిట్లో కెమెరా సర్దుకుంటున్నవాణ్ణి చూశారు.

"జిల్లాకంతా ఇదే ఆదర్శమని నేను పోయిన వారమే పైకి రాసిన" అన్నారు మెల్లగా. తర్వాత గుడ్డ సరిచేసి, గుండప్పను భుజాన వేసుకుని, బుగ్గ ఆనించి నవ్వారు. ఫోటో చక్కగా వచ్చింది!

అందరం ఊపిరి పీల్చుకుని ఆవిడను సాగనంపడానికి పెరటి దోవన జీపు దగ్గరికి నడిచాం. వేపచెట్టు కింద బసమ్మ కూతురు తాడు సాగినంత దూరం పాకి, కాలవ వైపు చేతులు చాచి కేరుతోంది. కడవ నింపుకుని బసమ్మ ఎదురొచ్చింది. జయాబాయి గారు ఆగిపోయారు. ఇప్పుడొచ్చింది కోపం!

"ఎవరిదీ పిల్ల? లేగదూడను కట్టినట్లు కట్టిండ్రు! నువ్వేనా కట్టింది? అసలు తల్లివేనా నువ్వు?"

బసమ్మ చంకలోని కడవ దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తల్లిని గనకనే కట్టినమ్మా. మీ రాయికి తల్లి లేదు, తొట్టెల పండినా కాలువల పడ్డా దానికొకటే. దాన్ని తెచ్చి ఈ తాడుకు కట్టున్రి, నా పిల్లను తొట్టెల పండవెడత."